కుడిచేత్తో మొదలు

ఎండ 112

పుర్రీ, నీ పుస్తకంలో రాస్తున్నాను. కోప్పడకు.

ఆడపిల్లల ఐటీఐలో నీకిచ్చిన జాబ్ డైరీ ఇది. నలభై ఆరు పేజీలు నువ్వు నింపావు, మిగతావి ఖాళీ. ప్రతి పేజీ మీదా మూడు గళ్ళు అచ్చేసి ఉన్నాయి. చేసిన పని, వాడిన పనిముట్లు, నేర్చుకున్నది. ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, గళ్ళలో ఇమిడేటట్టు రాయడం నాకు రాదు. గీత దాటితే దాటనీ.

చేసిన పని: నీళ్ళ ప్లాంటులో వడపోత గుడ్డలు ఉతికాను, అరవై రెండు. వాడిన పనిముట్లు: నా చేతులు, కొబ్బరి పీచు, సముద్రపు నీళ్ళు. నేర్చుకున్నది: కింద రాస్తాను.

ఎండకాలం మొదలై ఇవాళ్టికి నూట పన్నెండో రోజు. తొమ్మిదింటికి ఎండ సైరను మోగేలోపల గుడ్డలు ఆరేసి తలుపులు వేసుకోవాలి. మళ్ళీ ఐదింటికి గాని వీధిలో కాలు పెట్టనివ్వరు. ఈ మధ్య వేళంతా చీకటి గదిలో ఫ్యాను కింద కూర్చోవడమే. ఇదివరకు నువ్వు పక్కన కూర్చుని వాగుతుండేదానివి. ఇప్పుడు రాసుకుంటున్నాను.

పొద్దున నాలుగో ట్యాంకు కారుతుంటే అతకడానికి మరచెయ్యి వచ్చింది. చక్రాల మీద పెట్టె, పెట్టెకి రెండు చేతులు. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఎడం చేత్తో వెల్డింగు హోల్డర్ తీసుకుంది. వెంటనే నిప్పు పుట్టించలేదు. హోల్డర్ కుడిచేతికి మార్చింది. కుడిచేత్తో అతుకు మొదట్లో ఒక్కసారి ఆనించింది. మళ్ళీ ఎడం చేతికి ఇచ్చి, అప్పుడు మొదలుపెట్టింది.

నా చేతిలో గుడ్డ కాలవలోకి జారిపోయింది. పక్కన ఎర్నమ్మ చూసి, "ఏటయ్యింది రత్నం, తేలు గాని కుట్టిందేటి" అంది. ఎర్నమ్మా నేనూ పన్నెండేళ్ళుగా ఒకే కాలవ గట్టున గుడ్డలు ఉతుకుతున్నాం. ఆమెకి కూడా గుడ్డ జారిందని మాత్రమే చెప్పాను.

నీకు మూడేళ్ళప్పుడే పుర్రచెయ్యి అని తేలింది. గంటె ఎడం చేతికే, పలక బలపం ఎడం చేతికే. చింతబరికె పుచ్చుకుని ఆ చేతి మీద కొట్టాను. ఒక వారం గుడ్డ పెట్టి నడుముకి కట్టేశాను కూడా. నువ్వు ఏడవలేదు. కాలి వేళ్ళతో బలపం పట్టుకుని రాయబోయావు. అప్పుడు నాకే నవ్వొచ్చి ఒప్పందానికి దిగాను. ఏ పనైనా మొదలు మాత్రం కుడిచేత్తో పెట్టు, తరవాత నీ ఇష్టం అన్నాను. మాట ఇచ్చావు, నిలబెట్టుకున్నావు. చీపురైనా, దువ్వెనైనా, పొయ్యైనా ముందు కుడిచేత్తో తాకించి ఎడం చేతికి మార్చేదానివి. వెల్డింగు నేర్చుకున్నాక అక్కడా అంతే.

కుడిచేతి వాటం వాళ్ళకి ఆ అవసరం లేదు. పుర్రచేతి వాళ్ళకి ఆ పట్టింపు ఉండదు. ఈ కొత్తరేవులో రెండూ కలిసినది ఒక్కతే ఉండేది.

ఎండ 113

వాళ్ళు ఇచ్చిన కాగితం పెట్టెలోంచి తీసి మళ్ళీ చదివాను. ఉదయధార కంపెనీ వారి లెటర్‌హెడ్, మూలన నవ్వుతున్న పిల్ల బొమ్మ.

"విద్యార్థిని మైలపల్లి సత్యవేణి, వాన 6 నాడు, నైపుణ్య పరిశీలన సందర్భంగా, అనుమతి లేకుండా నిషేధిత ప్రదేశంలో ప్రవేశించి విద్యుదాఘాతానికి గురైనది. ఆ సమయంలో ఆమె ఏ పనిలోనూ లేదు, చూస్తూ మాత్రమే ఉన్నది."

చూస్తూ ఉన్నదట. ఇంట్లో ఒక్క నిమిషం ఊరికే కూర్చుని ఎరగని పిల్ల, అక్కడికి వెళ్ళి చూస్తూ కూర్చున్నదట. పైగా వద్దన్న చోటికి తగుదునమ్మా అని దూరిందట. చచ్చిపోయినదాని మీద దుడుకుపిల్ల అని ముద్ర కొట్టి, కాగితం మడిచి నా చేతిలో పెట్టారు.

రెండేళ్ళ కిందట వీళ్ళు వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఐటీఐ గేటుకి కొత్త బోర్డు పెట్టారు. కంపెనీ పేరు మనిషంత అక్షరాల్లో, మన ప్రభుత్వం పేరు కింద చీమ తలకాయంత. తల్లులందరినీ పిలిచి నిమ్మరసం ఇచ్చారు. మైకులో ఎన్నిసార్లు ప్రతిభ అన్నారో, ఎన్నిసార్లు భాగస్వామ్యం అన్నారో. మీ పిల్లలు కూలీలు కారమ్మా, భాగస్వాములు అన్నారు. నాకు కడుపు నిండిపోయింది. భాగస్వామి అంటే ఏమిటో తరవాత తెలిసింది. కూలీ చచ్చిపోతే కంపెనీ జవాబు చెప్పుకోవాలి. భాగస్వామి చచ్చిపోతే సానుభూతి చెబితే సరిపోతుంది.

పిల్లలందరికీ సన్నటి చేతొడుగులు ఇచ్చారు. అవి వేసుకుని పని చేస్తే చెయ్యి ఎలా కదిలిందో మొత్తం ఎక్కించుకుంటాయి. దాన్ని చేతినకలు అంటారు. ఆ నకలు పోస్తేనే మరచేతులకి పని వస్తుంది. పిల్లల నకళ్ళు మార్కులు వెయ్యడానికేనని, మరచేతుల్లో పోసినవి పాతికేళ్ళ అనుభవమున్న నిపుణుల నకళ్ళని వాళ్ళ పుస్తకంలో రాసుకున్నారు.

పాతికేళ్ళ నిపుణుడికి కూడా వాళ్ళ అమ్మ చింతబరికెతో కొట్టి నేర్పించిందేమో కనుక్కోవాలి.

ఎండ 115

సాయంత్రం సైరను అయ్యాక దాలినాయుడు మాస్టారి ఇంటికి వెళ్ళాను. నీకు వెల్డింగు నేర్పిన మాస్టారే. నువ్వు పోయాక నా ఎదట పడడం మానేశాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చో మాస్టారూ. దెబ్బలాటకి రాలేదు నేను" అన్నాను.

ట్యాంకు దగ్గర చూసినది చెప్పాను. ఆయన వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. తరవాత నెమ్మదిగా అన్నాడు.

"కంపెనీవోళ్ళు దాన్ని నత్తి అంటన్నారమ్మా. మరచేతులన్నిట్లోనూ ఉంది. ఈ కోస్తా పొడుగునా నాలుగు వేలున్నాయి. ఓపాలి చెయ్యి మారుస్తాది, ఓపాలి మార్చదు. మార్చినప్పుడల్లా మూడు సెకన్లు. ఎందుకో వాళ్ళకి అంతుబట్టడం లేదు."

"నీకు అంతుబట్టిందా?"

"మొదటిరోజే." తల దించుకున్నాడు. "మన సత్యవేణి చెయ్యి నాకు తెలీదేటి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే తుడిచీస్తారు కదమ్మా. ఎప్పుడు మారుస్తాదో తెలిస్తేనే వాళ్ళు దాన్ని పట్టుకోగలరు. తెలీనన్నాళ్ళూ పిల్ల చెయ్యి అలాగే ఉంటాది. నాకు చేతనయినది అంతేనమ్మా."

అతన్ని తిట్టాలని వెళ్ళినదాన్ని, తిట్టలేకపోయాను.

ఇంకో సంగతి చెప్పాడు. ఎండ 121 నాడు ఐటీఐలో యువ ప్రతిభా దినమట. కొత్త బ్యాచ్ తల్లిదండ్రులు కంపెనీ ఒప్పంద కాగితాల మీద సంతకాలు పెట్టే రోజు. అదే రోజు పిల్లలకి పోటీ. మరచేతి నత్తికి కారణం కనిపెట్టిన పిల్లకి పురస్కారం. చూశావా వీళ్ళ తెలివి. వాళ్ళ ఇంజనీర్లు చెయ్యలేని పని పిల్లల చేత ఊరికే చేయించుకోవడానికి పెట్టిన పేరు ప్రోత్సాహం.

ఎండ 118

నాలుగు వేల చేతులు. రేవు నుంచి రేవుకి, ప్రతి ట్యాంకు దగ్గరా, ప్రతి పడవ దగ్గరా, రోజుకి ఎన్నిసార్లు నువ్వు మొదలుపెడుతున్నావో లెక్క లేదు. నేను నోరు మూసుకుంటే చాలు, నేను పోయాక కూడా నువ్వు మొదలుపెడుతూనే ఉంటావు.

నోరు తెరిస్తే, నువ్వు పని చేస్తూ పోయావని ఊరికి తెలుస్తుంది. మర్నాడు నిన్ను తుడిచేస్తారు.

ఎర్నమ్మతో గుడ్డలు పిండుతూ చెప్పాను. ఆమె పిండడం ఆపి, "ఆ మరకి తనలో ఉన్నది నీ కూతురని తెలుసునా?" అంది.

"తెలీదు."

"మరి ఊరికి?"

"దుడుకుపిల్ల, ఒళ్ళు తెలీక పోయిందని తెలుసు."

"మా మనవరాలు మొన్న అదే అంది. సత్తెవేణిలాగ ఎక్కడపడితే అక్కడ దూరితే సచ్చిపోతామని మాస్టర్లు చెప్పినారట. మంచి పాఠమే చెప్పినారు."

ఎర్నమ్మకి మాట దాచుకోవడం రాదు. ఆ మాటకి నాకు ఎంత మంటెక్కిందంటే, ఉతికిన గుడ్డే మళ్ళీ ఉతికాను.

నిన్ను నాలుగు వేల చోట్ల దాచుకుని, ఒక్క ఊళ్ళో చెడ్డపేరుతో ఉంచాలా? దాచుకున్నది నాకోసం. పేరు నీది.

ఎండ 121

ఉన్నదున్నట్టు రాస్తాను.

ఐటీఐ పెద్ద షెడ్డులో చల్లగాలి పెట్టారు. కంపెనీ వచ్చిన రోజున తప్ప ఆ మిషన్లు తిరగవు. నలభై మూడు కుటుంబాలు. ఒడిలో ఒక్కొక్కరికి ఒక టోపీ, ఒక సీసా, సంతకానికి కాగితాలు. వేదిక మీద ప్రిన్సిపాల్ మేడమ్, ఉదయధార ప్రతిభా వికాస అధికారి నిఖిలేశ్వర్ గారు, మధ్యలో మరచెయ్యి. దాని మెడలో బంతిపూల దండ. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను.

నిఖిలేశ్వర్ గారికి ముప్ఫై ఏళ్ళుంటాయి. నవ్వు ముఖం. "ఈ యంత్రంలో ఒక చిన్న తడబాటు ఉంది. మా ఇంజనీర్లకే సవాలు విసిరింది. యువ ప్రతిభ మీద మాకు నమ్మకముంది" అన్నాడు.

ఒక పిల్ల లేచి గ్రీజు తక్కువైందంది. ఇంకో పిల్ల వేడి వల్ల అంది. పాపం, బాగానే చదువుకుని వచ్చారు. ఆయన ప్రతి పిల్లకీ వెరీ గుడ్ అని చెబుతున్నాడు.

నేను చెయ్యెత్తాను.

"అమ్మా, ఇది విద్యార్థులకండీ. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు."

"నా వయసు తరవాత చూద్దాం బాబూ. కొత్త ఇనప ప్లేటు పెట్టించండి."

పక్క బల్ల మీద ఎవరో నవ్వారు. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను గుర్తుపట్టింది. నిఖిలేశ్వర్ గారికి నేనెవరో తెలియదు. సరదాకి పెట్టించాడు.

"ఇప్పుడు చెయ్యి మారుస్తుంది" అన్నాను. మార్చింది.

"సగంలో ఆపించి మళ్ళీ నడిపించండి. ఈసారి మార్చదు." మార్చలేదు.

"ఇంకో అతుకు మీదకి పంపండి. మారుస్తుంది." మార్చింది.

"అదే అతుకు మీద రెండో వరస వేయించండి. మార్చదు." మార్చలేదు.

షెడ్డులో నవ్వు ఆగిపోయింది. వేదిక పక్కన కుర్ర ఇంజనీరు ఒకతను గబగబా రాసుకుంటున్నాడు. ఆ కలం ఒక్కో గీత గీస్తుంటే నువ్వు ఒక్కో వేలు పోగొట్టుకుంటున్నట్టు అనిపించింది. అయినా ఆపలేదు.

"కొత్త పని మొదలైతేనే మారుస్తుంది. మొదలు కుడిచేత్తో పెట్టాలని నేను నేర్పాను. నేర్చుకున్నది మీ నిపుణులెవరూ కాదు. నా కూతురు మైలపల్లి సత్యవేణి. ఆ మరలో ఉన్నది దాని నకలు."

నిఖిలేశ్వర్ గారి నవ్వు పోలేదు, కొంచెం సన్నబడింది. "మీ బాధ మాకు అర్థమవుతుందమ్మా. అది కేవలం పోలిక. మా నకళ్ళన్నీ అనుభవజ్ఞులవే."

ముందు వరసలో ఒక తండ్రి, చేపల బోటు నడుపుకునే మనిషి, లేచాడు. "పోలికైతే ఆవిడ నాలుగుసార్లు ముందే ఎలా చెప్పిందండీ? మా పిల్లల చేతులు కూడా ఇలాగే పట్టుకుపోతారా?"

నలుగురూ గుసగుసలాడడం మొదలుపెట్టారు. అధికారి మైకు దగ్గరకి లాక్కున్నాడు. పిల్లల క్షేమమే తమకి ముఖ్యమని చెప్పబోయి, తొందరలో ఇలా అన్నాడు.

"చూడండి, మేము ఇలాంటి అలవాట్లని ప్రోత్సహించం. అవి ప్రమాదం. అసలు ఆ రోజు తడి చేతులతో హోల్డర్ అటూ ఇటూ మార్చుకోబట్టే కదా ఆ అమ్మాయికి..."

అక్కడ ఆగాడు. ఆలస్యమైపోయింది.

నేను అరవలేదు పుర్రీ. ఆయన ముఖంలోకి చూసి నెమ్మదిగా అడిగాను.

"చూస్తూ ఉందని రాసిచ్చారు కదా బాబూ. చూస్తున్న పిల్ల చేతిలోకి హోల్డర్ ఎలాగొచ్చింది?"

ఆయన ప్రిన్సిపాల్ మేడమ్ వైపు చూశాడు. ఆవిడ బల్ల వైపు చూసింది.

అప్పుడు దాలినాయుడు మాస్టారు గోడ పక్కనుంచి ముందుకొచ్చాడు. మైకు తీసుకోలేదు.

"వానలు పదకొండు రోజులే కదా, ట్యాంకులన్నీ నీళ్ళు నింపడానికి సిద్ధం కావాలని, ఆ ఆరో రోజు పిల్లల్ని బండెక్కించి పనిలోకి దింపినారు. తోలు గ్లవుజులు వేస్తే నకలు సరిగ్గా రాదని తీయించీసినారు. తీసి పక్కన పెట్టినోడిని నేనే. పద్నాలుగు జతలు. ఈ చేతుల్తోటే."

రెండు చేతులూ చాపి అందరికీ చూపించాడు.

ఎండ 122

మేడమ్ నన్ను గదిలోకి పిలిచి, ఐటీఐ రిజిస్టరు తెరిచి, నీ పేరు ఎదురుగా "చూస్తూ ఉండగా" కొట్టేసి "పనిలో ఉండగా" అని రాసి సంతకం పెట్టింది. నిషేధిత ప్రదేశం అన్న మాట కూడా కొట్టేసింది. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుని గాని లేవలేదు.

నలభై మూడు కుటుంబాల్లో పదకొండు మంది కాగితాలు వెనక్కి తీసుకున్నారు. మిగతావాళ్ళు సంతకం పెట్టారు. వాళ్ళని ఏమీ అనను, నేనూ పెట్టినదాన్నే. కాకపోతే తోలు గ్లవుజులు ఉండాలని కాగితం మీద రాయించుకునే పెట్టారు. చేపల బోటు ఆయన దగ్గరుండి రాయించాడట.

కంపెనీ నుంచి నాకు పార్శిల్ వచ్చింది. నత్తికి కారణం కనిపెట్టినందుకు అభినందనలట. వయోపరిమితి దాటినందున పురస్కారం ఇవ్వలేకపోతున్నారట. ప్రోత్సాహకంగా ఒక టోపీ, ఒక సీసా పంపారు. టోపీ మీద "నేనూ భాగస్వామినే" అని ఉంది. ఎర్నమ్మ అది పెట్టుకుని కాలవ గట్టున అటూ ఇటూ నడిచి చూపించింది. నువ్వు పోయాక మొదటిసారి నవ్వాను.

నిన్న రాత్రి పడుకోలేకపోయాను, అది వేరే సంగతి. ఆ అధికారి అన్న మాట అబద్ధం కాదేమోనని. చెయ్యి మార్చుకోమని నేర్పినది నేను. తడి చేతులు, పల్చటి ఒడుగు వాళ్ళవి, అలవాటు నాది. ఇందులో నా వాటా నేను తీసుకుంటాను. భాగస్వామిని కదా.

ఎండ 127

చేసిన పని: గుడ్డలు యాభై ఎనిమిది.

రెండో ట్యాంకుకి మరచెయ్యి వచ్చింది. వస్తుందని తెలిసి పొద్దున్నే వెళ్ళి నిలబడ్డాను. ఎర్నమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది.

ఎడం చేత్తో హోల్డర్ తీసుకుంది. తిన్నగా నిప్పు పుట్టించింది.

చివరిదాకా చూశాను. అతుకు నున్నగా, ఒక్క బుడగ లేకుండా వచ్చింది. అది మట్టుకు నీ చెయ్యే పుర్రీ. మొదలొక్కటే తీసేశారు.

సైరను మోగేదాకా అక్కడే ఉన్నాను. తరవాత ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

దాలినాయుడు మాస్టారు ఈ పుస్తకం అడిగాడు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేస్తారో లేదో ఇంకా తేలలేదు. ఉన్నన్నాళ్ళూ కొత్త బ్యాచ్ పిల్లలకి చదివి వినిపిస్తానన్నాడు. రేపు ఇచ్చేస్తున్నాను. కాబట్టి ఇక్కడినుంచి నీకు కాదు, వాళ్ళకి రాస్తున్నాను.

అమ్మాయిలూ, మీ పేర్లు నాకు తెలియవు. పనికి సంబంధించిన మాటలు మాస్టారు చెబుతారు, నాకు తెలిసినది ఒక్కటే. వాన 6 నాడు బండివాడు వీధిలో హారను కొడుతుంటే, మా పిల్ల అన్నం గిన్నె మూత కూడా తియ్యకుండా పరిగెత్తింది. సాయంత్రం వచ్చి తింటానంది. బండి కాసేపు ఆగినా ఎవరికీ ఏమీ కాదు. వదిలేసి పోతే పోనీ. మీరు మాత్రం కూర్చుని, నిదానంగా, కడుపు నిండా తిని వెళ్ళండి.